మొండి తాటికి కట్టిన జెండా

ఫిబ్రవరి 12, 2011. శనివారం

తిమ్మప్ప మామయ్య ఫోన్. అమ్మకు తమ్ముడు, నేనుంటున్న ఈ గోపన్‌పల్లి ఫ్లాటు కూడా ఆయనదే. నా కిటికీకి ఎదురుగా ఉన్న ప్లాటులో అపార్ట్‌మెంట్ మొదలుపెడతాడట. బుధవారం అందులోని మొండి తాటిచెట్టు కొట్టేస్తాండారు, దుమ్మొస్తుంది, కిటికీ మూసుకో పాపా అన్నాడు. సరే అన్నాను. సరే అని ఎందుకన్నానో.

ఆ చెట్టు తొర్రలో చిలుక పిల్లలున్నాయి. మామూలు రామచిలుకలు కావు. వాటికి ఒకటిన్నర రెట్లు ఉంటాయి, భుజం మీద ఎర్ర మచ్చ, ముక్కు చూస్తేనే భయం. డిసెంబర్‌లో ఆ తొర్రను కొరికి కొరికి పెద్దది చేసుకుంటుంటే ఆఫీసు నుంచి తెచ్చుకున్న సాఫ్ట్‌వేర్ టెస్ట్ కేసులు పక్కన పడేసి చూసేదాన్ని. ఆడది లోపలే పొదిగింది. మగది బయట తినొచ్చి, కక్కి, దాని నోట్లో పెట్టేది. ఇప్పుడు మూడు తలలు కనబడుతున్నాయి. పుట్టిన ఏడు వారాలకు ఎగురుతాయని నెట్‌లో ఉంది. ఇంకో రెండు వారాలు కావాలి.

ఫిబ్రవరి 14

మామయ్యను బతిమాలాను. నవ్వాడు. తిమ్మప్ప చిలకల కోసం పని ఆపినాడంటే హిందూపురంలో తలెత్తుకోలేనన్నాడు.

ఫిబ్రవరి 15, ఉదయం 5.30

కట్టేశాను. నిన్న చౌరస్తాలో ఊరేగింపు పోయాక రోడ్డు మీద పడి ఉన్న జై తెలంగాణ జెండా. చెట్టు మొదట్లో, నైలాన్ తాడుతో, మూడు ముళ్ళు. అనంతపురం జిల్లా పిల్లను నేను. అమ్మకు తెలిస్తే కళ్ళు తిరిగి పడిపోతుంది.

ఫిబ్రవరి 16

పనివాళ్ళు వచ్చారు. జెండా చూశారు. రంపం బయటికి తీయకుండానే వెళ్ళిపోయారు. దాని మీద చెయ్యేస్తే మా వీపులు పగులుతాయని మామయ్యతో అన్నారట. ఆఫీసులో రోజంతా కాలు నిలవలేదు. ఒక్క బగ్ కూడా లాగ్ చెయ్యలేదు.

ఫిబ్రవరి 17

మామయ్య వచ్చాడు. ప్లాటుకు కాపలా ఉండే అంజమ్మను పిలిచి ఎవరు కట్టారని అడిగాడు. ఆమె ఈ ఊరి మనిషే, నాలుగేళ్ళుగా అక్కడి రేకుల షెడ్డులో ఉంటోంది. నేనే కట్టిన, ఏందిప్పుడు, ఎవడిప్పుతడో ఇప్పమను అంది.

నేను పక్కనే ఉన్నాను. నోరు తెరవలేదు. తెరిస్తే నా చేతనే విప్పించేవాడు.

నెలాఖరుకు షెడ్డు ఖాళీ చెయ్యమన్నాడు.

ఫిబ్రవరి 22

బంద్. క్యాబ్ రాలేదు. మేనేజర్ ఫోన్లో విసుక్కున్నాడు, రిలీజ్ ఎవరు చూస్తారని. మావాళ్ళంతా ఈ బంద్‌లు ఎప్పుడు ఆగుతాయా అంటున్నారు. నాకేమో ఇంకో వారం సాగితే బాగుండనిపిస్తోంది.

పెద్ద పిల్ల తొర్ర అంచు మీదికి వచ్చి రెక్కలు టపటపలాడించింది. మళ్ళీ లోపలికి. ఎగరవే తల్లీ అని పైకే అన్నాను. కిందికి వెళితే అంజమ్మ కనబడుతుందని పాలపాకెట్ కూడా తెచ్చుకోలేదు. నిన్న కనబడితే ఎప్పటిలాగే తిన్నవా బిడ్డా అంది. సిగ్గుతో చచ్చిపోయాను.

ఫిబ్రవరి 26

రెండు ఎగిరాయి. తల్లీతండ్రీ చుట్టూ తిరుగుతూ ఒకటే అరుపు. మూడోది తల బయటపెట్టి చూస్తోంది, అంతే.

ఫిబ్రవరి 27

రేపే నెలాఖరు. ఆ మూడో పిల్ల ఎగిరేదాకా ఆగుదామనుకున్నాను, ఆగలేకపోయాను. మామయ్యకు ఫోన్ చేసి జెండా కట్టింది నేనని చెప్పేశాను. అంజమ్మను పంపొద్దన్నాను.

నమ్మలేదు. మన పిల్లవు నువ్వు, ఆ జెండా ముట్టుకుంటావా అన్నాడు. తాడు నాదేనన్నాను. అమ్మ మీద ఒట్టేశాను. ఆ ముసలామె మీద జాలితో చెప్తాండావులే పాపా, నీకు అబద్ధం చెప్పేది కూడా రాదు అన్నాడు. పెట్టేశాడు.

ఫిబ్రవరి 28

అంజమ్మ మూటలు ఆటోలో పెట్టాను. కట్టింది నేనేనన్నాను. ఎరుకే బిడ్డా, నేను సూసిన అంది.

పిల్లలన్నీ ఎగిరినయా అని అడిగింది. ఒకటి ఇంకా లోపలే ఉందన్నాను.

అయితే జెండ ఇప్పకు అంది.