మంగళవారం కవరు

ఏమయ్యా లఫాయెలే,

నీ భార్య అకెనేసే రాస్తున్నది. ఇక్కడ అందరం బాగున్నాం. బేకరీ పొయ్యి బాగుంది, మీ అమ్మ మోకాలు కూడా ఫర్వాలేదు. ఆ పరాయి దేశపు ఆపిల్ తోటల చలిలో నువ్వూ కులాసాగా ఉన్నావనుకుంటాను. ఫోన్లో చెప్పొచ్చు కదా అనకు. నువ్వు ఫోనెత్తితే మీ పనివాళ్ళ గదిలో పన్నెండుమంది చెవులు రిక్కిస్తారు, మర్నాటికి మన సలెలోలోగా రేవంతా తెలిసిపోతుంది. అందుకే తోటపనికి వస్తున్న మీ తమ్ముడి చేతికి ఈ ఉత్తరం ఇస్తున్నాను. వాడు విప్పి చదివితే నాకు చెప్పు.

నువ్వడిగినవన్నీ గుర్తున్నాయి. పైకప్పు రేకులు కొట్టించాను. పంది ఏడు పిల్లల్ని పెట్టింది, ఒకటి పోయింది. కొబ్బరిపాల బన్నులు పొద్దున తొమ్మిదికల్లా అయిపోతున్నాయి, పడవ దిగినవాళ్ళు వాసన పట్టుకుని వచ్చేస్తున్నారు. ఇక మూడు ఉత్తరాల్నుంచి నువ్వు అడుగుతున్న మాట: పనివాళ్ళ జీతాలు శుక్రవారం కవర్లలో ఇవ్వడం మానేసి బ్యాంకులో వెయ్యలేదేం అని. నేను మొండిదాన్ననే కదా నీ అనుమానం. మొండిదాన్నే, కానీ ఊరికే కాదు.

నిజానికి బ్యాంకు నుంచి కాగితాలు తెచ్చాను. ఆరుగురిలో ఐదుగురు సంతకాలు పెట్టేశారు. పిండి కలిపే పిల్ల ఫిలిసితా మాత్రం కడిగిన పళ్ళేన్నే మళ్ళీ కడుగుతూ నిలబడింది. మన బ్రెడ్డు వ్యాను నడిపే పెతెలో అన్న లేడూ, ఆయన కూతురు, తెలుసుగా.

"ఏమే, ఆ పళ్ళెం అరిగిపోతుంది. సంగతేంటి?" అన్నాను.

"కార్డు నాన్న జేబులో ఉంటుంది ఆంటీ," అంది. "కవరైతే రెండు చెయ్యొచ్చు కదా?"

దానికి నర్సు చదువు చదవాలని ఉంది. జనవరిలో రాజధాని అపియాలో చేరాలి, ఫీజు కట్టాలి. మన దగ్గర పెళ్ళికాని పిల్లలు కవరు చింపకుండా తెచ్చి తండ్రి చేతిలో పెడతారు. ఆ తండ్రేమో చర్చి పెద్ద. ఆదివారం చర్చికి ఎవరెంత ఇచ్చారో పేరు పెట్టి చదువుతుంటే తన పేరు కింద ఉండటం ఆయనకి ప్రాణసంకటం. చెడ్డవాడు కాదు, చెయ్యి ఆగదు, అంతే. దానికొక్కదానికే కవరైతే తండ్రికి అనుమానమొస్తుందని అందరికీ కవర్లే ఉంచాను. దానికి మాత్రం పగటి పని జీతం శుక్రవారం కవరులో, తెల్లవారుజామున పిండి కలిపినదానికి మంగళవారం వేరే కవరులో ఇవ్వసాగాను. బ్యాంకు కాగితాలు పిండి డబ్బా మీద మూతగా పనికొస్తున్నాయి.

నాలుగు నెలలు గుట్టుగా సాగింది. తర్వాత చెడగొట్టింది నేనే. ఒక మంగళవారం ఫిలిసితా జ్వరంతో రాలేదు. పెతెలో అన్న రొట్టెలు ఎక్కించుకోవడానికి వచ్చాడు. ఇంటి పెద్ద ఎదురుగా ఉండగా ఆయన్ని దాటి పిల్లకి ఏదైనా పంపడం మనకి చేతకాదు కదా. చెయ్యి అలవాటుగా సాగింది, కవరు ఆయన చేతిలో పెట్టేశాను. పెట్టాక నాలుక కరుచుకున్నాను.

ఆయన కవరు మీద పేరు చూశాడు, గోడ మీద క్యాలెండరు చూశాడు. "ఈవేళ మంగళవారం కదమ్మా?" అన్నాడు.

ఆ పిల్ల చదువు నా చేతుల్తో నేనే ముంచాననుకున్నాను. అబద్ధం ఆడబోయాను గానీ నోరు రాలేదు. కోకో కప్పు ఆయన ముందు పెట్టి ఉన్నదంతా చెప్పేశాను.

ఆయన కప్పు పక్కకి జరిపాడు. "నాకొక్క మాట చెప్పకూడదా ఆ పిల్ల?" అన్నాడు.

"చెబితే ఏం చేసేవాడివన్నా?"

"చర్చి పైకప్పు చందాకి ఇచ్చేసేవాణ్ణి," అన్నాడు. నవ్వబోయాడు, నవ్వు రాలేదు. కవరు చింపకుండానే బల్ల మీద పెట్టి నా వైపు తోశాడు. "రేపు దాని చేతికే ఇయ్యి. నా జీతంలోంచి కూడా వారం వారం కొంత తీసి ఇందులోనే వెయ్యి. నాకు తెలుసని మాత్రం దానికి చెప్పకు. సిగ్గు పడుతుంది." గుమ్మం దాకా వెళ్ళి, వెనక్కి తిరక్కుండా, "నేనూ పడతాను," అన్నాడు.

తర్వాతి మంగళవారం ఫిలిసితా కవరు పట్టుకుని పరిగెత్తుకొచ్చింది. "ఆంటీ, ఎక్కువొచ్చింది! లెక్క తప్పారు." ఓవర్‌టైమే పిచ్చిదానా అన్నాను. నమ్మింది. ఇద్దరి గుట్టూ నా దగ్గరే ఉండి, పొద్దస్తమానం నాలో నేనే నవ్వుకుంటున్నాను. జనవరికి ఫీజు అందుతుంది.

ఇక నీ దగ్గర దాచిన మాట. మన మొదటి పొయ్యి పాగో పాగోలో ఉన్న మా పిన్ని పెళ్ళికానుక కాదు. ఏటా క్రిస్మస్‌కి కృతజ్ఞతగా నువ్వు సన్ననేత చాప కానుకగా పంపిస్తున్నావు, ఆవిడా వద్దనకుండా తీసుకుంటోంది. పెళ్ళికి ముందు రేవు దగ్గర మతలేనా గారి కొట్లో పనిచేశాను చూడు, ఆవిడ రెండేళ్ళు నాకు రెండు కవర్లిచ్చింది. ఆ రెండోదే ఆ పొయ్యి. మా నాన్న దగ్గర దాచినదాన్ని నీ దగ్గరా దాచాను, పద్దెనిమిదేళ్ళు. తిట్టాలనుంటే తిట్టు, నిజం చెప్పాక తేలిగ్గా ఉంది.

కానీ ఫిలిసితా ఆ కవరు పట్టుకుని నిలబడ్డప్పట్నుంచి నాకు ఒకటే ఆలోచన. రెండో ఏడు నా కవరు కూడా ఉన్నట్టుండి బరువెక్కింది. నేనూ లెక్క తప్పిందని వెనక్కి పట్టుకెళ్ళాను. మతలేనా గారు నా ముఖం చూడకుండా, ఓవర్‌టైమే పిచ్చిదానా అంది. మా నాన్న అప్పుడు ఆవిడ సరుకే పడవల్లోంచి దించేవాడు, లఫాయెలే. ఆయన జీతం ఇచ్చేదీ ఆవిడే.

ఇట్లు,
రెండు కవర్ల పిల్ల, నీ ఇల్లాలు
అకెనేసే