మంచి చేప తేవద్దు

నాయనా,

నువ్వు పోయి రేపటికి ఏడాది. ఈ ఉత్తరం నీకు చేరదని తెలుసు. అయినా ఈ రోజు సంగతి నీకు కాక ఇంకెవరికి చెప్పను?

నేను చేపల డాక్టరునైన కొత్తలో మన చేపల గుంటలో పండుగప్పలకు జబ్బు చేసింది. పరీక్షకు ఒక చేప తెమ్మంటే నువ్వు గుంటంతా గాలించి, నిగనిగలాడేదాన్ని పట్టుకొచ్చావు. "డాక్టరు దగ్గరికి మంచిది తేవద్దా?" అన్నావు. జబ్బు చేపను తేకుంటే జబ్బెట్లా తెలుస్తుందని నిన్ను నలుగురి ముందూ కసిరాను. నువ్వు నవ్వి మళ్ళీ గుంట వైపు నడిచావు.

ఈ పొద్దున జువ్వలదిన్నె నుంచి చేపల రైతు మస్తానన్న నా దగ్గరికి ఒక బకెట్ తెచ్చాడు. అందులో, వాళ్ళ గుంట నీళ్ళలోనే, ఒక పండుగప్ప పక్కకు ఒరిగి ఈదుతోంది. మైక్రోస్కోపు కింద దాని మొప్పల్లో పురుగు కనిపించింది. ముందుగానే తెచ్చాడు కాబట్టి మిగతా చేపలు దక్కుతాయి.

"నీరసంగా ఉన్నదే తేవాలని ఎవరు చెప్పారన్నా?" అని అడిగాను.

"మీ నాయనేమ్మా. మా పాప చేత నేను తిట్లు తిన్నా, మీరు తినబాకండి అని గుంట గుంటకీ తిరిగి చెప్పినాడు గదా!"

ఆ తిట్టుకు నిన్ను క్షమాపణ అడగాలని ఏడాదిగా అనుకుంటున్నాను. ఇక అడగను నాయనా. ఆ తిట్టు ఇంకా పనిచేస్తోంది.

నీ పాప