నీ పేరు నాకు గొళ్ళెం కాదు

బుధవారం, మధ్యాహ్నం

ప్రియమైన తమ్ముడికి,

అక్క దీవెనలు. ఇక్కడ అందరం క్షేమం అని రాయబోయి కలం ఆపాను. క్షేమంగా లేం. నువ్వు మాత్రం బాగున్నావని తెలుసు. వీధి చివర గోడ మీద రోజూ నవ్వుతూ కనిపిస్తూనే ఉన్నావు.

ఫోన్ చేస్తే నీ సెక్రటరీ ఎత్తి, "సారు షూటింగులో ఉన్నారమ్మా" అంటున్నాడు. అందుకే ఈ ఉత్తరం మన రొట్టెల వ్యాను డ్రైవరుకిచ్చి, నీ చేతిలోనే పెట్టమని పంపుతున్నాను.

పొగ మీద నీ పోరాటం ఉత్తుత్తిది కాదని నాకంటే ఎవరికి తెలుసు? మన రొట్టెల బట్టీ వెనక గదిలో పెరిగావు. కట్టెల పొగకి ఆయాసం ఎగదన్నినప్పుడల్లా నిన్ను వాకిట్లో కూర్చోబెట్టి వీపు నిమిరింది నేనే. నువ్వు పెద్ద హీరోవయ్యాక ఆ సంగతే టీవీలో చెప్పి, కట్టెలు మానేయండని చేతులు జోడిస్తే ఈ వీధంతా కళ్ళు తుడుచుకుంది.

అక్కడితో ఆగితే బాగుండేది. సర్కారు నీ మాట పట్టుకుని చట్టం చేసింది. పొగ అనుమానం ఉంటే చాలట, ఎవరింట్లోకైనా అడక్కుండా రావచ్చట. ఎలుకలకు భయపడి ఇల్లు తగలబెట్టుకోవడమంటే ఇదే. ఆ తనిఖీ జీపు మీద నీ బొమ్మే అతికించారు.

మొన్న అది మా పక్కింటి దర్జీ గుమ్మం ముందు ఆగింది. అతని భార్య పచ్చి బాలింత. బిడ్డ గుడ్డలు ఆరక, గదిలో చిన్న కుంపటి పెట్టుకున్నారు. దర్జీ గుమ్మానికి అడ్డం నిలబడి, "లోపల మా ఆవిడ స్నానం చేస్తోంది సార్, కాస్త ఆగండి, కుంపటి నేనే తీసుకొచ్చి చూపిస్తా" అని బతిమాలాడు. తనిఖీ అధికారి, "కొత్త చట్టానికి తలుపు తట్టే పని లేదు" అని అతన్ని పక్కకి నెట్టి లోపలికి వెళ్ళాడు. ఆ పిల్ల తడిబట్ట చుట్టుకుని మూలకి నక్కింది. కుంపటి మీద నీళ్ళు గుమ్మరిస్తే గదంతా ఆవిరీ బూడిదా. పసిగుడ్డు గుక్కపెట్టింది. అడ్డుకున్నందుకు దర్జీని జీపెక్కించారు. ఇంకా లాకప్‌లోనే ఉన్నాడు.

వీధంతా మా ఇంటికి వచ్చారు. "తమ్ముడితో ఒక్క మాట చెప్పమ్మా" అని. ఎలాగో నువ్వు ఫోన్లో దొరికావు. ఏమన్నావో గుర్తుందా? "నీ ఇంటికి ఎవరూ రారక్కా, నేను చెప్పి పెట్టా" అన్నావు. దర్జీని కూడా విడిపిస్తానన్నావు.

ఎంతమందిని విడిపిస్తావురా? నా తలుపుకి నీ పేరు గొళ్ళెమైతే, ఏ హీరోకీ అక్క కానివాళ్ళ తలుపుకి ఏది గొళ్ళెం? ఆ మాట మింగలేక కక్కలేక తెల్లారేదాకా కూర్చున్నాను.

పొద్దున్నే ఆ అధికారి ఆఫీసుకి వెళ్ళాను. నాకు మినహాయింపు అక్కర్లేదన్నాను. కోర్టు కాగితం తెస్తే తీస్తాను, లేకపోతే నా తలుపు తీయనన్నాను. మొదట కుర్చీ వేయించి, "మీరు సారు అక్కగారు, మీకెందుకమ్మా ఇవన్నీ" అన్నాడు. నేను కదలకపోయేసరికి అతని మొహం మారింది. "దాచేది లేకపోతే తీయడానికేం?" అన్నాడు. మధ్యాహ్నానికల్లా తలుపుకి నోటీసు అంటించారు. మన పొగగొట్టం మీద అనుమానమట. రేపు పొద్దున వస్తారట. తీయకపోతే పగలగొడతారట, నన్ను తీసుకెళతారట.

ఆ వెంటనే ఫోన్లో నీ వాయిస్ మెసేజ్ వచ్చింది. రేపు సాయంత్రం మంత్రిగారి చేతుల మీద సన్మానం ఉంది, పరువు తీయకు, ఆ బట్టీని ఈలోగా పగలగొట్టించు అని. అక్క జైలుకి పోతుందన్న బెంగ అందులో ఎక్కడుందా అని రెండుసార్లు విన్నాను.

భయం లేదనను. అయినా రేపు గుమ్మంలో నిలబడతాను. దర్జీ భార్య కూడా బిడ్డనెత్తుకుని వస్తానంది. వద్దన్నాను. వింటుందనుకోను.

నన్ను విడిపించమని నిన్ను అడగను. రేపు నీ చేతికి మైకు ఇస్తారుగా. పొగ పోవాలి, కానీ ఎవరి గుమ్మమైనా అడిగే దాటాలి అని ఆ ఒక్క మాట అను. అనలేకపోతే శాలువా కప్పించుకుని వచ్చెయ్. అప్పుడూ నువ్వు నా తమ్ముడివే. కానీ జీపు మీది ఆ నవ్వుని మాత్రం నా తమ్ముడిదనుకోలేను.

ఆరోగ్యం జాగ్రత్త. చలిగాలిలో తిరగకు.

ఇట్లు,
నీ అక్క

తా.క. పగలగొట్టడానికి బట్టీ ఏదిరా? నువ్వు టీవీలో చేతులు జోడించిన వారంలోనే, చట్టం ఊసు కూడా లేనప్పుడు, నేనే ఇటుక ఇటుకా ఊడదీయించాను. కరెంటు పొయ్యి పెట్టాను. తీస్తే పైకప్పు కురుస్తుందని పొగగొట్టం ఒక్కటే ఉంచాను. చెబితే నన్నూ ప్రకటనలో నిలబెడతావని చెప్పలేదు. తలుపు తీస్తే అర నిమిషంలో తేలిపోయే సంగతి ఇది. అయినా తీయను.