నా మార్కులు నేనే వేసుకోవాలట

ఆగస్టు 4, సోమవారం
ఎంట్రన్స్‌లో ర్యాంకు వచ్చింది కదా, ఇక డెంటల్ సీటు నాదే అనుకున్నా. సర్టిఫికెట్ల దగ్గర ఆగిపోయింది. కౌంటర్‌లో ఆయన నా ఫైలు అటూ ఇటూ తిప్పాడు. "ఇంటర్ మార్కులేవమ్మా?" మా కాలేజీ ఇంటర్ బోర్డు కిందికి రాదు, మార్కులుండవు సార్... టీచర్లు ఒక్కో సబ్జెక్టుకి ఒక పేరా రాస్తారు. బయాలజీ పేరా పైకే చదివాడు — "నిఖిత సబ్బుబిళ్లను దవడపన్నుగా చెక్కింది. వేరు విరిగితే మళ్లీ మొదటి నుంచి చెక్కింది."

"మంచిగనే రాసిండ్రు. గని కంప్యూటర్ల నేనేం ఎక్కియ్యాలె? పన్ను అని కొట్టాల్నా?"

వెనక లైనంతా నవ్వు. వచ్చే సోమవారం సాయంత్రంలోగా మార్కులు తేవాలి. లేదంటే సీటు వేరేవాళ్లకి.

ఆగస్టు 5
కాలేజీకి ఫోన్. ఎత్తరు. మళ్లీ ఫోన్. ఎత్తరు.

ఆగస్టు 6
అశోక్‌నగర్ వెళ్లి అన్నని కలిశా. గ్రూప్స్ కోచింగ్‌లో మూడో ఏడు. పోయినసారి అర మార్కుతో ఉద్యోగం పోయింది వాడికి.

"నాకు అర మార్కు తక్కువైంది, నీకైతే మార్కులే లేవు. మనింట్ల గిదేం లొల్లే!"

వాడు నవ్వాడు. నాకు నవ్వు రాలేదు.

ఆగస్టు 7
ఆ కాలేజీలో టైల్స్ వేయడానికి వెళ్లి, పిల్లలు భయం లేకుండా చదువుకోవడం చూసి, నన్ను అక్కడ చేర్పించింది బాపే. ఈరోజు కంచం ముందు కూర్చుని అన్నం కలపడం ఆపేశాడు. "నేనే ఆగం జేసిన బిడ్డా నిన్ను."

కాదు బాపూ అన్నా. గట్టిగా అనలేదు. ఆయన మీద కోపం లేదు... కొంచెం ఉంది.

ఆగస్టు 8
నారాయణగూడలో బస్సెక్కి, ఊరి చివర ఇంకో బస్సు మారి, వానలో తడిసి కాలేజీకి. ప్రిన్సిపల్ వసుధ మేడం టవలిచ్చింది. మార్కులు మాత్రం ఇవ్వదట. "నిన్ను అంకె చేయడం నాకు రాదు నిఖితా."

అరిచేశా. మేడం మీద! "మీకు రాకపోతే నా సీటు పోతది మేడం. మీ పద్ధతి కోసం నేను ఇంట్ల కూసోవాల్నా?"

మేడం తెల్లకాగితం ఒకటి తీసి నా ముందు పెట్టింది. తర్వాత — "సరే. ముందు నీ మార్కులు నువ్వు వేసుకుని రా. టీచర్లు విడిగా వేస్తారు. రెండూ దగ్గరగా ఉంటే సంతకం పెడతాను."

లేకపోతే?

"కూర్చుని మాట్లాడుకుందాం."

మాట్లాడుకోవాలట! గడువు సోమవారం పెట్టుకుని!

ఆగస్టు 9
బయాలజీ 94. కెమిస్ట్రీ 80. ఫిజిక్స్ —

బాపు: "అన్నింట్ల తొంబై ఎనిమిదేయ్. ఎవలడుగుతరు?" అన్న ఫోన్‌లో: "గట్ల వెయ్యకు, సార్లు ఒప్పుకోరు. జర తగ్గించు." ఎంత తగ్గించాలో చెప్పడు.

ఫిజిక్స్ సార్ పేరా మళ్లీ తీశా. "అర్థం కానప్పుడు కూడా తల ఊపుతుంది. అది మానేస్తే ఫిజిక్స్ వస్తుంది." మానేశానా? ఆయనకేం తెలుసు... ఆయనకే తెలుసు.

ఆగస్టు 10, ఆదివారం
చిక్కడపల్లి లైబ్రరీ. పాత ఇంటర్ ఫిజిక్స్ పేపరు ముందు పెట్టుకుని, పుస్తకం మూసి, మొత్తం రాశా. అన్న దిద్ది వందకి లెక్కగట్టాడు. చెల్లెలినని కూడా చూడలేదు. యాభై ఎనిమిది.

"రెండో లెక్కల ఫార్ములా కరెక్టే గదరా" అని కొట్లాడా. ఒక్కచోట ఒప్పుకున్నాడు, మూడు కలిపాడు. అరవై ఒకటి.

అదే రాశా. బాపు కాగితం చూసి తల కొట్టుకున్నాడు. "నీ చేతికే పెన్నిస్తే గింతేనా వేసుకునేది!"

ఆగస్టు 11
కాలేజీ వరండా. బెంచీ మీద కూర్చుని రాస్తున్నా. నా కాగితం లోపలికి వెళ్లి చాలాసేపైంది. తిరుగు బస్సు దొరికి, సాయంత్రంలోగా ఆ కౌంటర్‌కి చేరాలి... చేరగలనా?

తలుపు సగం తెరిచి ఉంది. ఫిజిక్స్ సార్ గొంతు — "అరవై ఒకటా?"

ఎక్కువైందంటున్నాడో, తక్కువైందంటున్నాడో తెలియడం లేదు. మేడం ఏదో అంటోంది. కుర్చీ జరిపిన చప్పుడు.