నీళ్లు పోసిన చేతుల మాట

సోమవారం

పేరు పైడితల్లి. వయసు డెబ్బై దాటింది, ఎంత దాటిందో ఆధార్ కార్డుకే తెలియాలి. ఊరు నర్సీపట్నం. ఇంట్లో నాతో నలుగురం — కొడుకు నూకరాజు, కోడలు దేవి, పది నెలల మనవరాలు మోక్షిత, మా గుంట. నాకు అక్షరం రాదు. చెప్పేది నేను, రాసేది పక్కింటి అంగన్‌వాడీ టీచరు వరలక్ష్మి. చెప్పింది చెప్పినట్టు రాయాలి, నునుపు చేయకూడదు. అదీ మా ఒప్పందం.

ఎందుకు రాయిస్తున్నానంటే — నిన్న గొలుగొండ నుంచి వియ్యపురాలు వచ్చింది. గుంటని ఒళ్లో నిలబెట్టింది. కాళ్లు కత్తెరలా ఒకదాని మీద ఒకటి పడ్డాయి. మునివేళ్లే ఆనాయి. నా వైపు తిరిగి అంది: "వదినా, నీ సేతి నీళ్లే దీన్ని ఇలాగ సేసినాయి."

కొడుకు విన్నాడు, కోడలు విన్నది. కాదన్నవాళ్లు లేరు. ఈ రోజు నుంచి నీళ్లు పోసే పని నాకు లేదు.

ఈ వీధిలో సగం మంది నా కాళ్ల మీద పడుకుని నీళ్లు పోయించుకున్నవాళ్లే. బళ్లు తోలుకుంటూ నా ముందే తిరుగుతున్నారు.

మంగళవారం

దేవి ప్లాస్టిక్ టబ్బులో పోస్తోంది. గుంట ఏడుపు. నేను అరుగు మీద. సబ్బు కళ్లలో పడినట్టుంది... లేవలేదు.

గురువారం

విశాఖ వెళ్లి వచ్చాం. మోక్షిత ఏడో నెలలోనే పుట్టి, నలభై రోజులు అద్దాల పెట్టెలో ఉన్నది ఆ ఆసుపత్రిలోనే. నెలలు నిండకుండా పుట్టిన పిల్లల మెదడు ఎలా ఎదుగుతుందో అక్కడ పరిశోధన చేస్తున్నారు. మా గుంట పేరు కూడా అందులో ఉంది. నన్ను బయట బల్ల మీద కూర్చోమన్నారు. లోపలికే వెళ్లాను.

డాక్టరమ్మ చిన్న వయసుది, ఓపికున్నది. స్కానింగు ఫోటో చూపించమంటే కంప్యూటర్ నా వైపు తిప్పింది. గుంట తల లోపల. నడుమ రెండు మడుగులు, నీళ్లట. తలలో నీళ్లుంటాయని ఇన్నేళ్లకి తెలిసింది! ఆ మడుగుల పక్కనుంచి కాళ్లకి కబురు మోసే తీగలు పోతాయట. తీగల మీద తెల్లటి తొడుగు పట్టాలి. ఆ తొడుగు నేసే కణాలు ఏడో నెలలో ఇంకా లేతవి. రక్తం కాస్త తగ్గినా దెబ్బతింటాయట.

కాళ్ల తీగలకే ఎందుకు తగిలింది అని అడిగాను. అవే మడుగుకి దగ్గర, రక్తం ఆఖరున చేరే చోటు కూడా అదే అంది. శివారు మడి అన్నమాట. కాలవలో నీరు తగ్గితే ముందు ఎండేది అదే. చెరకు పండించినదాన్ని, నాకు ఇంకా విడమరచాలా. డాక్టరమ్మ నవ్వి, శివారు మడి అన్న మాట కాగితం మీద రాసుకుంది.

అప్పుడు అడిగాను. "ఇది నా సేతుల వల్ల అయిందా?"

"ఈ ఫోటో పాప మీ ఇంటికి రాకముందు తీసిందమ్మా. అప్పటికి మీరు పాపని ముట్టుకోలేదు."

నూకరాజు నేల చూపు. దేవి నన్ను చూసింది.

కాళ్లు బిగుస్తున్నాయని మొదట ఎప్పుడు తెలిసింది అని డాక్టరమ్మ అడిగింది. ఎనిమిదో నెల అంది దేవి. డాక్టరమ్మ అదే రాసుకుంది. నేను... ఏమీ అనలేదు.

ఏడాది నిండాక ఇంకో ఫోటో తీస్తారట. మందిచ్చి నిద్రపుచ్చాలి. నడుస్తుందా అంటే ఇప్పుడే చెప్పలేం అంది, వ్యాయామం మాత్రం మానొద్దంది. ఆ ఫోటో వల్ల మా గుంటకి మేలు జరుగుతుందని మాట ఇవ్వలేనని కూడా చెప్పింది. నచ్చింది నాకు. తల్లిదండ్రులు సంతకం పెట్టాలని కాగితం ఇచ్చి పంపింది.

శుక్రవారం

రాత్రంతా నిద్ర లేదు. వరలక్ష్మీ, రాయి.

మూడో నెలలోనే తెలుసు నాకు. గుంటని కాళ్ల మీద వేసుకుని నూనె రాసి, ఈ చెయ్యి ఆ కాలికి, ఆ చెయ్యి ఈ కాలికి కలుపుతాం కదా. కుడి కాలు వచ్చింది. ఎడమ కాలు రాలేదు. మడమ నా కాలికి ఆనలేదు, చిన్న కర్ర పుల్లలా నిలబడిపోయింది. పిల్లలకి కాళ్లు వంకరుంటే నీళ్లు పోసేవాళ్లే సాపు చేస్తారు, మా అమ్మ నుంచీ అదే. నేనూ చేసేస్తాననుకున్నాను. రోజూ కాస్త ఎక్కువసేపు సాగదీశాను. ఎవరికీ చెప్పలేదు. చెబితే నా చేతికి చేతకాలేదన్నట్టుంటుంది.

కాళ్లకి దెబ్బ నేను తేలేదు. అయిదు నెలలు మాత్రం నేనే దాచాను. అప్పుడే చెప్పి ఉంటే వ్యాయామం అప్పుడే మొదలయ్యేది.

వరలక్ష్మి పెన్ను ఆపింది. "పెద్దమ్మా, ఇది కూడా రాయమంటావేటి?"

రాయమన్నాను.

శనివారం

గొలుగొండ వదినకి ఫోన్ చేసి ఫోటో సంగతి చెప్పాను. ఫోటోలు ఎవరు నమ్ముతారంది. నేరం మోపడానికి కళ్లు చాలాయి, దించడానికి ఫోటో కూడా చాలదట.

సంతకం కాగితం ఫ్రిజ్ మీదే ఉంది. నిద్రమందంటే నూకరాజుకి భయం. నాకు భయమూ ఉంది, చూడాలనీ ఉంది. తొడుగు ఎంత పట్టింది? మిగిలిన తీగలు కబురు మోయడం నేర్చుకుంటాయా? పడుకున్నప్పుడు ఎడమ కాలు కాస్త వదులుగా ఉంటుంది — నిద్రలో ఎందుకు వదులు? అడగాలి.

ఆదివారం

శుక్రవారం రాయించింది దేవికి చదివి వినిపించమన్నాను. వరలక్ష్మి చదివింది. దేవి గుంటకి అన్నం తినిపిస్తూ వింది. గిన్నె కింద పెట్టింది.

"ఏ కాలు, అత్తా?"

"ఎడమది."

"నన్ను అడిగినప్పుడు ఎనిమిదో నెలని సెప్పేను. నువ్వు పక్కనే ఉన్నావు."

ఉన్నానన్నాను. గుంట గిన్నె తిరగేసింది.

మంగళవారం

దేవి మాట్లాడటం లేదు. కానీ పొద్దున వ్యాయామం చేయించేటప్పుడు తలుపు వేసుకోలేదు. గుమ్మంలో నిలబడి చూశాను. మడమ ఎంతసేపు ఆనించి పట్టుకుంటుందో లెక్కపెట్టాను. తను ఇరవై అంది పైకి. నాకు ఇరవై మూడు వచ్చింది.

డాక్టరమ్మకి పంపడానికి ఈ మాట విడిగా రాయించాను: పాప ఎడమ కాలు మూడో నెలలో బిగిసి ఉండటం నేను చేత్తో గమనించాను. తల్లికి చెప్పలేదు. తల్లి తప్పేమీ లేదు. ఎనిమిదో నెల కొట్టేసి మూడో నెల రాయండి.

పైడితల్లి, ఎడమ బొటనవేలి ముద్ర.

సాక్షి: వరలక్ష్మి, అంగన్‌వాడీ టీచరు.

రెండో సాక్షి దేవి. ఇంకా సంతకం పెట్టలేదు. ఇదీ ఆసుపత్రి కాగితమూ రెండూ తీసుకుని లోపలికి వెళ్లింది. నూకరాజుని పిలిచింది. మాట వినిపిస్తోంది గానీ ఏమంటున్నారో తెలియడం లేదు...