రోలరుకు చుట్టుకున్నది

శ్రీమతిగారికి,

ఇక్కడ నేనూ, మన అమ్మాయి పిడుగూ క్షేమం. నువ్వు కూడా వేళకి తిని, వేళకి పడుకుంటూ కులాసాగా ఉన్నావని తలుస్తాను. ఈ ఇంట్లో ఒంట్లో బాగాలేనిది ఒక్క వాక్యూమ్ క్లీనరుకే. దాని గురించి కిందటి ఉత్తరంలో నేను రెండు ముక్కలు రాస్తే నువ్వు నాలుగు ప్రశ్నలు వేశావు. ముందు నువ్వడిగిన మిగతా సంగతులకి జవాబు చెప్పి అక్కడికి వస్తాను.

నా కుడి భుజం నొప్పి తగ్గింది. మన అమ్మాయికి ఊడిన పన్ను చోట కొత్తది మొలిచింది, కాస్త వంకరగా. "అమ్మకి చెప్పకు, వచ్చాక నేనే చూపిస్తా" అంది కాబట్టి తెలియనట్టే ఉండు. స్కూలు యూనిఫారాల ఆర్డరు ఈసారీ మనకే వచ్చింది. ముందు గది నిండా నల్ల ప్యాంట్లే, కుర్చీ ఖాళీగా ఉంటే దాని మీద కూడా. ల్యాబ్ ట్రైనింగులో మొదటి పరీక్షకి నువ్వే ఫస్టని రాశావు కదా, పిడుగు ఆ ఉత్తరాన్ని క్లాసుకి పట్టుకెళ్ళి టీచరు చేత పైకి చదివించింది. నా భుజం నొప్పి సంగతీ, నువ్వు రాసుకోమన్న మందు పేరూ అన్నీ క్లాసంతా విన్నారు.

ఇక వాక్యూమ్. పోయిన నెలలో ఒక ఆదివారం కార్పెట్టు మీద నడుపుతుంటే రబ్బరు కాలిన వాసన వచ్చింది. ఆపి బోర్లించి చూస్తే అడుగున తిరిగే బ్రష్షు రోలరు బిగుసుకుపోయింది. రెండు కొసలా నల్లటి చిక్కు పేరుకుని, ప్లాస్టిక్కు కరిగి, బెల్టు తెగింది. రోలరు మార్చక తప్పదు.

మార్చడానికేముంది, కొలిచి తెచ్చుకోవడమే కదా అనుకున్నాను. ఇరవై ఏళ్ళుగా జనాన్ని కొలుస్తున్నవాణ్ణి! టేపు పెట్టి ఈ చివర నుంచి ఆ చివరకి కొలిచి, చీటీ మీద రాసుకుని రిపేరు షాపు నుంచి కొత్తది తెచ్చాను. పెడితే పట్టలేదు. చివర ఉన్న మూతలతో కలిపి నేను కొలిచాను, వాళ్ళు మూతలు తీసేసి కొలుస్తారట. తల కొట్టేసినట్టయింది. తిరిగి పట్టుకెళితే మెకానిక్ పెద్దాయన నవ్వాడు.

"మీరు టైలరు కదండీ, కుట్టుకి వదలడం అలవాటు. ఇక్కడ వదలకూడదు. పాత రోలరే తెచ్చేయండి, చూసిస్తాను."

మర్నాడు పాత రోలరుని పేపర్లో చుడుతుంటే పిడుగు వచ్చి పక్కన కూర్చుంది.

"నాన్నా, దీన్ని పాడుచేసేది అమ్మ జుట్టే కదా?"

"ఊఁ."

"అమ్మ వెళ్ళి ఐదు నెలలైంది. వెళ్ళేముందే జుట్టు కట్ చేయించుకుంది. మరిప్పుడు ఎవరి జుట్టు చుట్టుకుంది?"

గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకున్నట్టు నా చెయ్యి నా బట్టతల మీదికి వెళ్ళింది. "నాదైతే కాదు" అన్నాను. అది పడి పడి నవ్వింది. నాకు మాత్రం నవ్వు రాలేదు.

షాపులో పెద్దాయన మన మెషీనుకి పట్టే రోలర్లు రెండు బల్ల మీద పెట్టాడు. ఒకదాని నిండా బిరుసు కుచ్చులే, మందపాటి కార్పెట్టుకి అది బాగా పనికొస్తుంది. రెండోదానికి కుచ్చులు తక్కువ, మధ్య మధ్య రబ్బరు పట్టీలు. జుట్టు ఎంత పొడుగున్నా దానికి చిక్కుకోదట.

"మీ ఇంట్లో పొడుగు జుట్టున్న మనిషి ఉన్నారా?" అని అడిగాడు.

"మా ఆవిడ ట్రైనింగుకని వేరే ఊరు వెళ్ళిందండీ."

"నేనడిగింది జుట్టు గురించండీ."

పేపరు విప్పి పాత రోలరు ఆయన ముందు పెట్టాను. ఆయన పాత రోలరు కొసన కత్తెర పెట్టి కోసి, చిక్కుని వేళ్ళతో నలిపి చూశాడు. "ఇది జుట్టు కాదే! దారం."

"తెలుసండీ" అన్నాను.

అవును, నాకు తెలుసు. ఐదు నెలలుగా తెలుసు. నాలుగు ఉత్తరాల్లో రాయబోయి భుజం నొప్పి గురించి రాశాను.

నువ్వు వెళ్ళే వారం అది. పొద్దున రోలరు ఆగిపోతే నేను ముందు గదిలోంచి అరిచాను, గుర్తుందిగా. "ఇది ఇల్లా, సెలూనా? ఎక్కడ చూసినా నీ జుట్టే!" అన్నాను. కొలతలిచ్చేందుకు వచ్చిన ఇద్దరు వింటున్నారు. నువ్వు నేల మీద కూర్చుని నా చిన్న కత్తెరతో ఆ చిక్కంతా కోసి తీశావు. నువ్వు లోపలికి వెళ్ళాక అందులోంచి ఒక పోగు తీశాను. అనుమానం వస్తే పోగు కాల్చి చూడటం నా అలవాటు కదా. జుట్టయితే కమురు కంపు కొట్టి, చిదిమితే బూడిదవుతుంది. అది కరిగి, గట్టి నల్ల పూసయి కూర్చుంది. అంచులు కుట్టే మిషను నుంచి నేను తెంపి కింద పారేసే నల్ల పాలిస్టర్ దారం. మొత్తం చిక్కులో నీ వెంట్రుకలు నాలుగుంటాయో ఐదుంటాయో.

ఆ పూసని చొక్కా జేబులో వేసుకున్నాను.

మధ్యాహ్నం నువ్వు చేతిసంచితో వచ్చి నిలబడ్డావు. "ఏమండీ, జుట్టు కత్తిరించేసుకోనా? అందరికీ ఇబ్బందిగానే ఉంది" అన్నావు. పూస జేబులోనే ఉంది. "నీ ఇష్టం" అన్నాను. తేలు కుట్టిన దొంగలా తల వంచుకుని మిషను తొక్కుతూ కూర్చున్నాను.

తప్పు నాదని ఒప్పుకుంటే చిన్నతనమనుకున్నాను. అదొక్కటే కాదు. నువ్వు వెళ్ళడం నాకు ఇష్టం లేదు. వెళ్ళొద్దనే ధైర్యం లేక జుట్టు మీద అరిచాను. చెవుల దాకా కత్తిరించుకుని వచ్చావు. పిడుగు ఏడిస్తే "తేలిగ్గా ఉందే" అని నవ్వావు. బస్సెక్కుతూ అలవాటుగా జడ ముందుకేసుకోబోయావు. చేతికి ఏమీ దొరకలేదు. అది నేను చూశాను. అప్పుడైనా చెప్పలేదు.

నీ ఉత్తరం చివర రాశావు, "కొత్త రోలరు వేయించండి. వచ్చేముందు జుట్టు మళ్ళీ కత్తిరించుకునే వస్తాను, భయపడకండి" అని. అది చదివాకే ఈ ఉత్తరం మొదలుపెట్టాను. నన్ను క్షమించు.

రబ్బరు పట్టీలదే తీసుకున్నాను. "పొడుగు జుట్టున్న మనిషి ఉందండీ" అని చెప్పి మరీ తీసుకున్నాను. "దారానికి మాత్రం ఏ రోలరూ ఆగదు, కింద పడకుండా మీరే చూసుకోవాలి" అన్నాడు పెద్దాయన. మిషను పక్కన డబ్బా పెట్టాను. తెంపిన పోగు అందులో వెయ్యకపోతే పిడుగు కేకలేస్తోంది. దానికి కూడా నిజం చెప్పేశాను. ఆ పూట నా పక్కన కూర్చుని తిననంది.

ఈ ఉత్తరంలో చిన్న పొట్లం పెట్టాను. పాత రోలరు నుంచి తీసిన చిక్కు. ఇప్పుడు నువ్వు ల్యాబ్ మనిషివి, నా మాట మీద నమ్మొద్దు, కాల్చి చూసుకో.

కత్తిరించేసుకోనా అని ఆ రోజు నువ్వు అడిగిన దానికి నేను జవాబు చెప్పలేదు. ఇప్పుడు రాస్తున్నాను. వద్దు.

ఇట్లు,
మీ ఆయన