మూడోసారి అడిగేదాకా

అక్కకీ బావకీ నూకరత్నం దండాలు. ఇక్కడ నా ఒళ్ళు బాగానే ఉంది. అక్కడ మీ ఇద్దరూ, నా బిడ్డ సిరీ చల్లగా ఉండాలని రోజూ నూకాలమ్మ తల్లిని తలుచుకుంటున్నాను. నీ మోకాలి నొప్పి తగ్గిందా అక్కా? వేడినీళ్ళ కాపడం పెట్టుకుంటున్నావా, లేక చేపల బుట్ట దించడం, ఎత్తడం, మళ్ళీ ఆ తడిలోనే కూర్చోవడమేనా? బావా, కాస్త నువ్వైనా గట్టిగా చెప్పు.

ఫోనుండగా ఈ ఉత్తరమేమిటని నవ్వుకుంటారేమో. ఫోనులో నువ్వు స్పీకరు పెడతావు. అనకాపల్లి చేపల బజారంతా వింటుంది, సిరీ వింటుంది. బాగున్నావా అంటావు, బాగున్నానంటాను, అంతటితో సరి. నేను బాగాలేను అక్కా. ఒళ్ళు బాగుంది, కడుపు మండిపోతోంది. బావా, సిరి బడికి వెళ్ళాక ఇది అక్కకు చదివి వినిపించు. కోపంలో రాస్తున్నాను, మాటలు అటూ ఇటూ అయితే నువ్వే సర్దుకుని చదువు.

పని సంగతి నీకు తెలిసిందే. బయట నెల్లూరు ఎండకు తల మాడిపోతుంటే, లోపల స్వెట్టరు మీద స్వెట్టరు వేసుకుని ఐసు నీళ్ళలో రొయ్యలు ఒలుస్తాం. చేతికి తొడుగులున్నా వేళ్ళు నానిపోయి తెల్లబడతాయి. హాస్టలుకొచ్చి అన్నంలో చెయ్యి పెడితే అది వేడో చల్లనో తెలియదు. ఇక్కడ ప్రతి కూరలోనూ చింతపండు గుమ్మరిస్తారు. రొయ్యల కూర వండిన రోజు నేను మజ్జిగన్నంతో లేస్తాను. సముద్రం ఒడ్డున పుట్టి రొయ్యలు తినవా అని గదిలోవాళ్ళు నవ్వుతారు. ఇవేవీ ఓర్చుకోలేనివి కావు, ఇన్నేళ్ళూ ఓర్చుకున్నాను.

ఓర్చుకోలేనిది ఇప్పుడు చెబుతాను. మా కంపెనీవాళ్ళు మన అనకాపల్లి పక్కన, అచ్యుతాపురం వైపు కొత్త ప్లాంటు కడుతున్నారని ఆ మధ్య చెప్పాను కదా. ఇక్కడివాళ్ళలో కొందరిని ఏరి, చెన్నైలో నెలరోజులు క్వాలిటీ ట్రైనింగ్ ఇప్పించి, ఆ ప్లాంటుకు ట్రాన్స్‌ఫర్ చేస్తారు. ట్రైనింగ్ లేనిదే ట్రాన్స్‌ఫర్ లేదు. ఆ మాట విన్న రోజున నాకు కాళ్ళు నేల మీద నిలవలేదు. పొద్దున్నే సిరికి జడ వేసి, బస్సెక్కి పనికి పోయి, సాయంత్రానికి ఇంటికి వచ్చేయవచ్చు. దాని నాన్న పోయాక దాన్ని నీ ఒళ్ళో పెట్టి వచ్చిన దగ్గర్నుంచి నేను కోరుకున్నది ఇదొక్కటే.

మా ఫ్లోర్ మేనేజరు మధు సార్ ఒకరోజు నా టేబులు పక్కనుంచి పోతూ, ఫోను చూసుకుంటూ అడిగాడు.

"ఏం నూకరత్నం, ట్రైనింగ్‌కి పోతావా? బిడ్డుంది గదా నీకు, కుదురుద్దా?"

నా గుండె ఎగిరి గంతేసింది. కానీ ఈ పాడు నోరు ఏమందో తెలుసా? "నాకెందుకు సార్, నాకంటే పెద్దోలున్నారు కదా" అంది. అనేసి తల దించుకుని, మళ్ళీ అడుగుతాడని అలాగే నిలబడ్డాను. ఆయన సరేనని ముందుకు పోయాడు. అప్పటికీ నేను బెంగపడలేదు. సాయంత్రం అడుగుతాడనుకున్నాను. మర్నాడు అడుగుతాడనుకున్నాను. ఆయన నా టేబులు దాటినప్పుడల్లా తల ఎత్తి చూశాను, పిచ్చిదాన్ని కదా.

ఇక్కడ నీ మీద కూడా కోపం వస్తోంది అక్కా. ఏమీ అనుకోకు, అనుకున్నా సరే. చిన్నప్పుడు పిన్ని ఇంటికి వెళ్ళాం, గుర్తుందా? చేపల పులుసుందే, అన్నం తింటావా అని పిన్ని అడిగింది. ఆకలేసి తింటానన్నాను. నువ్వు తొడపాశం పెట్టి పెరట్లోకి లాక్కుపోయావు.

"అడగడమే ఆలస్యం, నోరు తెరిసేత్తావేటే? మనల్ని దిక్కులేనోలనుకోరా? మొదటిపాలి ఒద్దనాల. రెండోపాలీ ఒద్దనాల. మూడోపాలి అడిగితే అప్పుడు కూకోవాల."

మన పేటలో అందరమూ అంతే. కడుపు కాలుతున్నా ఇప్పుడే తిన్నామంటాం. అది అబద్ధమని అడిగేవాళ్ళకూ తెలుసు, అందుకే మళ్ళీ అడుగుతారు, చెయ్యి పట్టుకుని పీట మీద కూర్చోబెడతారు. కంపెనీలో నాకు పీట వేసేవాడెవడు? ఆ మాట నువ్వూ చెప్పలేదు, నాకూ తట్టలేదు.

పోయిన సోమవారం షిఫ్టు మొదట్లో పేర్లు చదివారు. నా పేరు లేదు. లావణ్య పేరుంది. ఎవరా లావణ్య అంటావా? పోయిన ఏడాది చేరిన ఈ ఊరి పిల్ల. రొయ్యను ఎలా పట్టుకోవాలో దానికి నేర్పింది నేనే. మంచి పిల్లే, దాన్ని ఒక్క మాట అనను. మధ్యాహ్నం అన్నాల దగ్గర నా పక్కకు వచ్చి ఏడ్చింది.

"అనకాపల్లంటక్కా. అంత దూరం నేనెట్ట పోయేది? ఆడ నీళ్ళు మంచియ్యేనా?"

నన్ను అడిగింది అక్కా, నన్ను. నీళ్ళు బాగుంటాయనే చెప్పాను. మనుషులు కూడా మంచివాళ్ళేనని, బజారులో నీ దగ్గరకు వెళ్తే తాజా చేపలిస్తావని కూడా చెప్పాను. ఇంకేం చెప్పను?

తొడుగులు విప్పి నేరుగా మధు సార్ గదికి వెళ్ళాను. నా వెనక వచ్చినవాళ్ళకిచ్చి నాకెందుకివ్వలేదని అడిగాను. నిన్నే ముందు అడిగాను గదా, నువ్వే వద్దన్నావన్నాడు. ఒక్కసారి అడిగి ఊరుకుంటారా సార్, అది మాటవరసకి అన్నానండీ అన్నాను. ఆయన నవ్వాడు. ఆ నవ్వుకి నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. ఆయన ఇంట్లో పెళ్ళి భోజనాల దగ్గర ఒక్కసారి అడిగి విస్తరి ఎత్తేస్తారా?

పోనీ తప్పంతా నాదే అనుకుందామా అంటే, అదీ కాదు. ఫ్రీజరు మిషను నేర్పినప్పుడు నన్ను అడిగారా? ఆడవాళ్ళకు మిషన్లు దేనికని నిన్న కాక మొన్న వచ్చిన మగవాళ్ళను పంపారు. అప్పుడు నేను వద్దనలేదే! ప్యాకింగు సూపర్‌వైజరు పని నేర్పినప్పుడూ అంతే. లోడు ఎక్కువైన రోజున నూకరత్నం ఉంది కదా అంటారు. కొత్త పని నేర్పే రోజున మాత్రం నూకరత్నం వీళ్ళ కంటికి ఆనదు. ఎన్నాళ్ళని పడను?

మొన్న జరిగింది చెబితే నువ్వు నవ్వుతావు, నాకైతే నవ్వు రాలేదు. కొత్తగా చేరినవాళ్ళకు పని నేర్పమని మధు సార్ వచ్చాడు. ఇన్నాళ్ళూ షిఫ్టు అయ్యాక ఉండి మరీ నేర్పేదాన్ని. ఈసారి నేర్పనన్నాను. ఆయన మొహం చిన్నబోయింది. కాసేపటికి మళ్ళీ వచ్చి, నీ అంత ఓపిగ్గా ఎవరు చెప్తారమ్మా అన్నాడు. అమ్మా అట! నేర్పనన్నాను. టీ వేళకు మూడోసారి వచ్చాడు, చేతిలో నాకోసం టీ గ్లాసు పట్టుకుని మరీ. చూశావా అక్కా, ఈయనకు మూడుసార్లు అడగడం వచ్చు. పని ఆయనది అయితే పీట వేయడం కూడా వచ్చు.

ఆ టీ ముట్టుకోలేదు. లేచి నిలబడి అందరూ వినేలా చెప్పాను.

"నాకు ట్రైనింగు కావాల సార్. నేను అనకాపల్లి ఎల్లాల. ఒచ్చే బ్యాచీలో నా పేరు ఎయ్యండి, అప్పుడు నేర్పుతాను. ఇది మాటవరసకి అంటన్నది కాదు."

ఆయన చూద్దామన్నాడు. ఎప్పుడో చెప్పమన్నాను. తెలియదన్నాడు. అయితే నేనెప్పుడు నేర్పుతానో నాకూ తెలియదని చెప్పి నా టేబులు దగ్గరకు వచ్చేశాను. మాట వెనక్కి తీసుకోలేదు. ఉద్యోగం పోతుందేమోనని నువ్వు దిగులు పెట్టుకోకు. పనివాళ్ళు దొరక్క వాళ్ళే అల్లాడుతున్నారు. ఆ బ్యాచీ ఎప్పుడుంటుందో, నా పేరుంటుందో లేదో నాకు నిజంగా తెలియదు.

ఎవరైనా ఇటు వచ్చేవాళ్ళుంటే ఎండు నెత్తళ్ళ చేపలు, కాస్త బెల్లం పంపు. ఇక్కడి బెల్లం నోట పెట్టలేను. పిన్నికి, ఎదురింటి మామ్మగారికి నా దండాలు చెప్పు. కోపంలో నిన్ను ఏదైనా అని ఉంటే చిన్నదాన్నని మన్నించి, మీ ఇద్దరి దీవెన నా మీద ఉంచండి. నేను బాగానే ఉన్నాను, బాగానే ఉంటాను.

ఇక ముగిద్దామనుకుంటుంటే సిరి మాట గుర్తొచ్చి కలం ఆగిపోయింది. పోయిన నెల ఫోనులో దాన్ని అడిగాను, అమ్మ నీ దగ్గరకు వచ్చేయాలా అని. "ఒద్దులేమ్మా, నీకు పనుంది కదా" అంది. ఎంత బుద్ధిమంతురాలో అనుకుని మురిసిపోయి ఫోను పెట్టేశాను. అది నీ చేతుల్లో పెరుగుతున్న పిల్ల అక్కా. దానికీ అదే నేర్పి ఉంటావు. నేనూ మధు సార్‌లాగే ఒక్కసారి అడిగి ఊరుకున్నాను.

బావా, అది బడినుంచి రాగానే నా మాటగా అడుగు. ఒద్దంటే మళ్ళీ అడుగు. మూడోసారి నన్ను అడగనీయండి. ఆదివారం ఫోను చేస్తాను, స్పీకరు పెట్టినా ఫర్వాలేదు.

మీ చెల్లెలు
నూకరత్నం